కుక్కకి గడ్డలు తీయించి బయాప్సీ చేయించిన క్లినిక్: 4 స్టార్లు ఇస్తున్నా, ఒకటి తగ్గించా

ముందే చెప్తున్నా, పొడుగు రివ్యూ ఇది. టైం లేనోళ్లు ఈ నాలుగు ముక్కలు చదువుకుని వెళ్లిపోండి: డాక్టర్ గారు పని తెలిసినాయన, తీసిన గడ్డని ల్యాబ్‌కి పంపకుండా వదలరు, రిపోర్ట్ వచ్చాక కూర్చోబెట్టి చెప్తారు. వెయిటింగ్ ఘోరం, పార్కింగ్ లేదు, ఫోన్ ఎత్తే అమ్మాయికి కాస్త ఓపిక కావాలి (నాక్కూడా). మిగతాదంతా తీరిక ఉన్నోళ్లకి, ముఖ్యంగా ఇంట్లో కుక్కకో పిల్లికో ఒంటి మీద గడ్డ కనపడి అర్ధరాత్రి దాకా ఫోన్‌లో వెతుక్కుంటూ కూర్చున్నోళ్లకి.

మాది కావలి. చెన్నై వచ్చి పద్నాలుగేళ్లయింది, కొళత్తూరులో ఉంటాం. మా కుక్క పేరు కాటుక, నల్లగా ఉంటుందని అమ్మ పెట్టింది, డాషండ్ క్రాస్, తొమ్మిదేళ్లు దాటాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు, ఎందుకులే పాపం కోత పెట్టించడం అనుకున్నాం, దాని సంగతి కిందకొచ్చాక చెప్తా.

పోయినేడాది పొట్ట కింద శనగ్గింజంత గడ్డ వస్తే దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి (పేరు రాయను, గొడవలొద్దు) తీసుకెళ్లాం. ఇరవై నిమిషాల్లో తీసేశారు. ఏంటి సార్ అది అంటే "కొవ్వు గడ్డ, ఏం కాదు" అన్నారు. అమ్మకి ప్రతిదీ చూడాలని ఉంటుంది కదా, తీసింది ఏదీ చూపించండి అంది, అక్కడున్న కుర్రాడు కాలితో పెడల్ నొక్కి పసుప్పచ్చ కవర్ వేసిన డబ్బా చూపించాడు. అందులో పడేశారంట. మేం కూడా సరే అని డబ్బులు కట్టి వచ్చేశాం. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు, నిజం చెప్తున్నా, మనింట్లో పంటి డాక్టర్ పన్ను పీకి పారేసినట్టే అనుకున్నా.

ఈ సంక్రాంతి అయ్యాక అమ్మ దానికి నీళ్లు పోస్తా ఉంటే చేతికి రెండు తగిలాయి. ఒకటి భుజం పైన, నేరేడు గింజంత, నున్నగా, నల్లగా నిగనిగలాడతా ఉంది. ఇంకోటి పొట్ట కింద, వెనక చన్నుల దగ్గర, చర్మం లోపల, గులకరాయి దూర్చినట్టు గట్టిగా. "ఏందిరా ఇది, ఇంత నల్లగా ఉండాది" అని అమ్మ భయపడింది నల్లదాన్ని చూసే. పులిపిరి అనుకుని రెండ్రోజులు పసుపు, సున్నం రాసింది, అది నాకేసింది. నేను ఫోన్ తీసి వెతికా, మెలనోమా (చర్మంలో రంగు తయారుచేసే కణాలకి వచ్చే క్యాన్సర్) అని వచ్చింది, ఇంక ఆ రాత్రి నిద్ర లేదు. కింద ఉన్న రాయిని మాత్రం ఇద్దరం పట్టించుకోలేదు, పోయినసారి కొవ్వే కదా, ఇదీ కొవ్వే అయ్యుంటుంది అని.

ఈ క్లినిక్ గురించి చెప్పింది మా వీధిలో రంగు చేపలు అమ్మే అన్న. డాక్టర్ గారు వేపేరి వెటర్నరీ కాలేజీలో చదివారంట. తెలీనోళ్లకి, అది 1903లో మొదలైన మద్రాస్ వెటర్నరీ కాలేజీ, చెన్నైలో కుక్కకి జబ్బు చేస్తే పాత మనుషులు ఇప్పటికీ వేపేరికి తీసుకుపో అనే అంటారు. ఆ అన్న ఇంకో మాట కూడా అన్నాడు, నాకు ఆశ్చర్యమేసింది, చేపలకి కూడా ఈ నల్ల గడ్డలు వస్తాయంట. ప్లాటీ చేపనీ కత్తితోక చేపనీ జత కట్టించి, పుట్టిన పిల్లల్ని మళ్లీ కత్తితోకతో కలిపితే కొన్నిటికి నల్ల మచ్చలు ముదిరి కణితులైపోతాయంట. నేను నమ్మలేదు. తర్వాత చదివితే నిజమే, 1920ల నుంచే తెలిసిన విషయం, ఇప్పటికీ ల్యాబుల్లో మెలనోమా మీద పరిశోధనకి ఆ చేపల్నే పెంచుతారు. మనకీ కుక్కకీ చర్మంలో రంగు తయారుచేసే కణం ఒకటే రకం, మెలనోసైట్. చేపలకి, బల్లులకి, పాములకి అలా కాదు, నలుపుకి ఒకటి, పసుపుకి ఒకటి, ఎరుపుకి ఒకటి, తళతళ మెరవడానికి ఇంకోటి, ప్రతి రకం నుంచీ కణితి రావొచ్చు. ఇంత తెలిసినాయన అయిదు రూపాయలకి చేప అమ్ముకుంటున్నాడు.

సరే క్లినిక్. శనివారం సాయంత్రం వెళ్లాం, టోకెన్ 23. లోపల అప్పటికి 9 నడుస్తోంది. రిసెప్షన్ అమ్మాయి తమిళంలో "కట్టి ఎంగే ఇరుక్కు?" అని అడిగింది. కట్టి అంటే వాళ్లకి గడ్డ, గడ్డ ఎక్కడుందీ అని అడుగుతోంది. అమ్మకి కట్టెయ్యమంటున్నారని వినపడింది. "కట్టెయ్యడం ఎందుకమ్మా, అది ఎవర్నీ ఏమీ అనదు" అని కాటుకని ఒళ్లోకి లాక్కుంది. పద్నాలుగేళ్లయినా అమ్మ తమిళం అంతే.

రెండు గంటలు కూర్చున్నాం. ఏసీ ఒకటే, అది కూడా పిల్లులున్న వైపుకి తిప్పి ఉంది. కానీ ఆ రెండు గంటల్లో పక్కనున్నోళ్ల కథలు విని నేను నేర్చుకున్నది ఎక్కువ. ఒకాయన గోల్డెన్ రిట్రీవర్‌ని తీసుకొచ్చారు, పదేళ్లది, చిగురు మీద గులాబీ రంగులో కండ పెరిగింది. మూడు నెలలు ఎక్కడో పంటి ఇన్ఫెక్షన్ అని యాంటిబయోటిక్ వాడారంట. నోటి కంపు తగ్గలేదు, ఇక్కడికొస్తే ముక్క తీసి పంపారు, రంగు లేని మెలనోమా అని వచ్చింది. నేను అడిగా, మెలనోమా అంటే నల్లగా ఉండాలి కదా సార్ అని. ఆయన నీరసంగా నవ్వి "నేనూ అదే అనుకున్నానండి" అన్నారు. కణం అదే అయినా నల్ల రంగు తయారుచెయ్యడం మానేస్తే గడ్డ గులాబీగానే కనపడుతుందంట, అలాంటివాటికి స్లైడ్ మీద మెలాన్-ఎ లాంటి ప్రత్యేకమైన రంగు పరీక్షలు పెడితే తప్ప తేలదంట. కుక్కల నోట్లో వచ్చే చెడ్డ కణితుల్లో అన్నిటికంటే ఎక్కువ వచ్చేది ఈ మెలనోమానే. రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే ఒకటో స్టేజి, నాలుగు దాటినా, మెడ దగ్గర లింఫ్ గ్రంథికి పాకినా మూడు, ఊపిరితిత్తుల దాకా పోతే నాలుగు. వాళ్లది మూడు. అమెరికాలో దీనికి వ్యాక్సిన్ ఉంది కదా అని ఆయన అడిగితే డాక్టర్ గారు ఉంది అన్నారంట (2007లో షరతులతో అనుమతి ఇచ్చారు, మనిషి జన్యువు ముక్క పెట్టి కుక్క ఒంట్లో ఎదురుదాడి పుట్టించే రకం), కానీ అది జబ్బు రాకుండా వేసేది కాదు, వచ్చాక సర్జరీతో గడ్డ పోయిన తర్వాత వేసేది, ముందు కత్తి పని అవ్వాలి అన్నారంట.

ఇంకొకావిడ బాక్సర్‌తో వచ్చింది. ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి ఫిట్స్. అంత వయసొచ్చాక ఉన్నట్టుండి ఫిట్స్ మొదలైతే మెదడులో గడ్డ కూడా అనుమానించాలంట, ఎంఆర్ఐ తీయించమని రాశారు. బాక్సర్, బుల్‌డాగ్ లాంటి ముక్కు నొక్కుకుపోయిన జాతులకి గ్లయోమా (మెదడు లోపలి కణాల్లోంచి వచ్చే గడ్డ) ఎక్కువంట, ముక్కు పొడుగున్న జాతుల్లో అయితే మెదడు పైపొరలో వచ్చే మెనింజియోమా. పిల్లులకి ఈ మెనింజియోమా వస్తే చాలాసార్లు ఆపరేషన్‌తో తీసేసి బాగానే బతికిస్తారంట. అది విని నా పక్కన పిల్లి పెట్టుకుని కూర్చున్న అమ్మాయి ఎందుకో దాన్ని దగ్గరికి తీసుకుంది.

మా టోకెన్ వచ్చేసరికి ఎనిమిదిన్నర. డాక్టర్ గారు ముందు మమ్మల్ని ఏమీ అడగలేదు, కాటుక కింద కూర్చుని ఉంటే ఆయన కూడా కింద కూర్చున్నారు, బిస్కెట్ పెట్టారు, అది తింటా ఉండగా చెయ్యి తల నుంచి తోక దాకా పోనిచ్చారు. నేను నల్లది చూపిస్తే చూశారు, జేబులోంచి స్కేల్ లాంటిది తీసి కొలిచారు, పదకొండు మిల్లీమీటర్లు. తర్వాత కాటుకని వెల్లకిలా తిప్పి అయిదు జతల చన్నులూ వరసగా రెండు వేళ్లతో నొక్కుతా వచ్చారు, రాయి దగ్గర ఆగారు. "ఇదెప్పట్నించి?" నేను తెల్లమొహం వేశా. అక్కడే పాత కుట్టు మచ్చ కనపడితే "ఇక్కడ ఏం తీశారు?" అన్నారు. కొవ్వు గడ్డ సార్ అన్నా. "రిపోర్ట్?" లేదు సార్. ఆయన ఏమీ అనలేదు, తిట్టనూలేదు, ఫైల్‌లో ఏదో రాసుకున్నారు. తిట్టుంటే బావుండేది.

నేను నల్లదాని గురించి అడుగుతా ఉంటే ఆయన రాయి గురించే మాట్లాడుతున్నారు. జుట్టున్న చర్మం మీద నల్లగా వచ్చేవి కుక్కల్లో ఎక్కువ శాతం మంచివే, నోట్లో వచ్చినా, గోటి మొదట్లో వచ్చినా అప్పుడు భయపడాలి అన్నారు. సూది పెట్టి నల్లదాంట్లోంచి కాస్త లాగి గాజు స్లైడ్ మీద పూశారు, నాకు కూడా మైక్రోస్కోప్‌లో చూపించారు, మసి చల్లినట్టు గోధుమ నల్ల రేణువులు. "రంగు కణం అని తెలిసింది, మంచిదా చెడ్డదా అనేది సూదితో చెప్పలేను, మొత్తం తీసి పంపాలి" అన్నారు. రాయికి కూడా అదే మాట. ఛాతీ ఎక్స్‌రే మూడు వైపుల నుంచి తీయించారు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, బుధవారం ఆపరేషన్.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు, పొద్దున తొమ్మిదికి ఇచ్చాం, రెండింటికి తూలుకుంటా బయటికొచ్చింది, మెడకి ఆ గరాటు కట్టారు, దాంతో ఇల్లంతా తలుపులు గుద్దుకుంటా తిరిగింది పది రోజులు. పిల్లల సంచి కూడా అప్పుడే తీసేశారు. ఇక్కడ ఆయన చెప్పిన లెక్క ఒకటి: 1969లో అమెరికాలో వచ్చిన స్టడీ ప్రకారం మొదటి హీట్ (ఎదకి రావడం) రాకముందే ఆపరేషన్ చేయించిన ఆడకుక్కల్లో ఈ రొమ్ము గడ్డల రిస్క్ మామూలు వాటితో పోలిస్తే 0.5 శాతం, ఒక హీట్ అయ్యాక చేయిస్తే 8, రెండయ్యాక 26. ఆ లెక్కల మీద తర్వాత వేరేవాళ్లు వాదనలు పెట్టారంట గానీ తొందరగా చేయిస్తే మంచిదే అని ఆయన అభిప్రాయం. తొమ్మిదేళ్ల తర్వాత మాకు చెప్పి లాభం ఏముంది, కుక్కపిల్లలున్నోళ్లు మీ డాక్టర్‌ని అడగండి.

నాకు నచ్చింది ఆ తర్వాత పని. మేం చూస్తుండగానే రెండు గడ్డల్నీ రెండు వేరే డబ్బాల్లో వేశారు, ఫార్మలిన్ (గడ్డ పాడవకుండా ఉంచే ద్రవం) గడ్డకి పదింతలు పోశారు, ఏది ఏ వైపు అనేది తెలియడానికి ఒక పక్క దారం ముడి వేశారు, మూత మీద కాకుండా డబ్బా మీద పేరు రాశారు (మూతలు మారిపోతాయంట). కూరలో నీళ్లు తక్కువైతే అడుగంటుతుంది కదా, అలాగే ఫార్మలిన్ తక్కువ పోస్తే లోపల కుళ్లిపోయి స్లైడ్ పనికిరాదంట. ఒక్కో శాంపిల్‌కి 1,800, రెండిటికి 3,600. అమ్మ బయటికొచ్చాక "తీసేశారు కదరా, మళ్లీ దానికి పరీక్ష ఎందుకు, డబ్బులు దండగ" అంది. నేను కూడా లోపల కాస్త అదే అనుకున్నా అబద్ధమెందుకు.

ఇప్పుడు గొడవ. వారంలో రిపోర్ట్ అన్నారు. వారం పోయింది, తొమ్మిదో రోజు ఫోన్ చేస్తే రాలేదు, పదకొండో రోజు చేస్తే రాలేదు, ఆ అమ్మాయి "వరుమ్ సార్, వెయిట్ పణ్ణుంగ" (వస్తుంది సార్, ఆగండి) అని ఫోన్ పెట్టేసింది. పన్నెండో రోజు నేను ఫోన్‌లో గట్టిగా అరిచేశా, డబ్బులు తీసుకున్నారు, గడ్డలు ఎక్కడ పారేశారు, మళ్లీ డబ్బాలోనా అని. ఇంట్లో మూడు రోజుల్నించి ఎవరం సరిగ్గా తినలేదు, అమ్మ రాత్రిళ్లు లేచి కాటుక ఊపిరి తీసుకుంటోందా లేదా అని చూస్తోంది. పద్నాలుగో రోజు రమ్మన్నారు. వెళ్లా, పోట్లాడ్డానికే వెళ్లా.

డాక్టర్ గారు రిపోర్ట్ ఇవ్వకుండా ముందు ఎందుకు లేటయిందో చెప్పారు. పొట్ట కింద తీసిన రాయిని ల్యాబ్‌లో కోయబోతే కరకరమని శబ్దం వచ్చిందంట, కత్తి దిగలేదు, లోపల నిజంగానే ఎముక ఉంది. ఎముక ఉంటే అంత పల్చగా కోయడం కుదరదు, స్లైడ్ అంటే నాలుగైదు మైక్రాన్ల ముక్క, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పల్చన. అందుకని యాసిడ్ ద్రవంలో రోజుల తరబడి నానబెట్టి సున్నం కరగనిచ్చి, మెత్తబడ్డాక మైనంలో పోసి కోశారంట. నల్లదానికి ఇంకో తిప్పలు, రంగు ఎంత దట్టంగా ఉందంటే కింద కణం ఎలా ఉందో కనపడలేదు, దాన్ని బ్లీచ్ చేసి రంగు పోగొట్టి మళ్లీ చూశారు. పోట్లాడ్డానికి వెళ్లినోణ్ని, నోరు మూసుకుని కూర్చున్నా. ఈ మాట ఆ ఫోన్ అమ్మాయి పన్నెండో రోజు చెప్పుంటే నేను అరిచేవాణ్ని కాదు, అదొక్కటే నా కంప్లైంట్.

రిపోర్ట్: భుజం మీదది మెలనోసైటోమా, అంటే రంగు కణాల గడ్డే గానీ క్యాన్సర్ కాదు, మంచిదే. కణాలు ఎన్ని రెండుగా చీలుతున్నాయో లెక్కపెడతారంట, మైక్రోస్కోప్‌లో పది ఫీల్డులు చూస్తే మాది ఒకటి, చర్మం మీది వాటికి మూడు దాకా వస్తే అప్పుడు అనుమానించాలంట. అంచులు శుభ్రం. పొట్ట కిందది బినైన్ మిక్స్‌డ్ మామరీ ట్యూమర్, అదీ మంచిదే. అమ్మ "మిక్స్‌డ్ అంటే ఏంది సార్" అంటే ఆయన తెలుగులోనే (కొద్దికొద్దిగా వచ్చంట) "మిక్చర్ పొట్లం లాగా అమ్మా" అన్నారు. కారప్పూస, బూందీ, పల్లీ అన్నీ కలిసినట్టు ఆ గడ్డలో పాల గ్రంథి కణాలు, వాటి చుట్టూ ఉండే కండర కణాలు, మృదులాస్థి, ఎముక అన్నీ ఉన్నాయంట. పాల గ్రంథిలో ఎముక ఎలా వస్తుందిరా అని అమ్మ ఇప్పటికీ అందరికీ చెప్తోంది. కుక్కల్లో ఇది మామూలేనంట, రాయిలా తగిలినంత మాత్రాన చెడ్డది కాదు, మెత్తగా తగిలినంత మాత్రాన మంచిదీ కాదు. కుక్కల్లో రొమ్ము గడ్డలు ఇంచుమించు సగం మంచివి సగం చెడ్డవి, పిల్లుల్లో మాత్రం పదింట ఎనిమిదికి పైనే చెడ్డవి, పిల్లి పొట్ట కింద ఏది తగిలినా ఆలస్యం చెయ్యొద్దన్నారు. వెంట్రుకలు, పళ్లు కూడా ఉండే గడ్డలుంటాయంట, టెరటోమా అని, గుర్రాల వృషణాల్లో దొరుకుతుంటాయంట, అది విని అమ్మ చెంపలేసుకుంది.

నాకు ఇంకో డౌట్ ఉండి అడిగా, ఆ గోల్డెన్‌ది రంగు లేని మెలనోమా అని అంత కష్టపడి ఎందుకు తేల్చాలి, గడ్డ గడ్డే కదా అని. ఆయన పెన్ను తీసి ప్రిస్క్రిప్షన్ వెనక బొమ్మ వేశారు. పిల్ల కడుపులో తయారయ్యేటప్పుడు వెన్నుపాము పైఅంచు నుంచి కొన్ని కణాలు బయల్దేరి ఒళ్లంతా వలస పోతాయంట, వాటిల్లో కొన్ని చర్మంలో రంగు కణాలవుతాయి, కొన్ని నరాల మీద తొడుగు చుట్టే కణాలవుతాయి. ఒకే ఇంట్లో పుట్టి ఒకడు కావలిలో ఉండిపోయి ఇంకొకడు మద్రాసు వచ్చినట్టు. అందుకే మెలనోమా రంగు పోగొట్టుకుంటే మైక్రోస్కోప్‌లో నరం గడ్డలా కనపడి మోసం చేస్తుంది, ఒకటనుకుని ఇంకోదానికి ట్రీట్‌మెంట్ చేస్తారు. నరం గడ్డ కథ కూడా చెప్పారు, ముందుకాలు కుంటుతున్న కుక్కకి నెలల తరబడి కీళ్ల నొప్పి మందులేనంట, ఈయన చంకలో లోతుగా వేలు పెట్టి నొక్కితే అరిచింది, కాలి కండ ఒకవైపే కరిగిపోయి ఉంది, చంకలో నరాల గుచ్ఛం దగ్గర కణితి. బూడిద రంగు గుర్రాల సంగతి కూడా ఎత్తారు, పదిహేనేళ్లు దాటిన వాటిల్లో 80 శాతం దాకా తోక కింద నల్ల గడ్డలు వస్తాయంట, జుట్టు తెల్లబడేలా చేసే జన్యు మార్పే (2008లో స్వీడన్ వాళ్లు పట్టుకున్నారు) వాటికీ కారణమంట. బయట ఇంకా పదకొండు టోకెన్లున్నాయి, ఆయన గుర్రాల గురించి చెప్తున్నారు. వెయిటింగ్ ఎందుకు రెండు గంటలో అప్పుడు అర్థమైంది.

మొత్తం ఖర్చు కన్సల్టేషన్లు, ఎక్స్‌రేలు, ఆపరేషన్, బయాప్సీ, మందులు కలిపి 27,400. తక్కువేం కాదు. యూపీఐ తీసుకుంటారు, ఆ రోజు మాత్రం స్కానర్ పనిచెయ్యక ఏటీఎం దాకా పరిగెత్తా. బండి క్లినిక్ ముందు పెట్టకండి, పక్క ఇస్త్రీ బండి ఆయనతో గొడవ అవుతుంది, వెనక వీధిలో పిండి మర పక్కన ఖాళీ ఉంటుంది. శనివారం అస్సలు వెళ్లొద్దు, మంగళవారం పొద్దున పదింటికి వెళ్తే అరగంటలో పనైపోతుంది.

మూడు నెలలకోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించమన్నారు. రెండూ మంచివే అన్నారు కదా సార్, మళ్లీ ఎందుకు అంటే ఫైల్ తిప్పి చూపించారు. ఇప్పుడు తీసిన రెండిటికీ ఎదురుగా పేర్లున్నాయి. పైన పోయినేడాది గడ్డ అని రాసిన చోట ప్రశ్నార్థకం పెట్టి ఉంది. మొదటి ఎక్స్‌రే వచ్చే నెల పన్నెండున, మంగళవారం చూసి తీసుకున్నా.